ఆరు నిమిషాల పది సెకన్ల దగ్గర

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే: నా బిడ్డ లోపలి నుంచి గడియ పెట్టుకుని, నేనెంత కొట్టినా తలుపు తీయని రోజుకి. దొంగలకు భయపడను. ఒంటరితనానికి భయపడీ భయపడీ అలవాటైపోయింది. రేపెట్లా అన్న భయం కూడా పొద్దున లేచి కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. కూరగాయలు బేరమాడుతుంటే, బస్సులో నిలబడితే, ఎవరి పెళ్లిలోనో విస్తరి ముందు కూర్చుంటే కూడా చెవిలో ఆ గడియ పడిన చప్పుడు వినిపిస్తుంది, టక్ మని. అమూల్యకు పన్నెండు నిండాయి, ఏడో తరగతి. జనగామలో మేముండేది ఒక గది, వెనకాల ఒక వంటిల్లు, రెంటికీ కలిపి ఒకటే తలుపు. ఆ తలుపుకి పెద్ద గడియ పెట్టించింది వాళ్ల నాయినే, తాను భూపాలపల్లిలో ఉంటే మేమిద్దరమే ఉంటామని, భద్రమని. ఇవాళ పొద్దున, నేను తిరిగి వచ్చేదాకా ఆ గడియ తీయొద్దని చెప్పి వచ్చింది నేనే.

ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. మహబూబాబాద్‌లో ఎక్కిన ప్యాసింజర్ స్టేషన్ ఘన్‌పూర్ దాటగానే పొలాల మధ్య ఆగింది, సిగ్నల్ లేదట, ఎప్పుడూ ఉండేదే, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోయేదాకా మాలాంటి వాళ్లను పక్కకు నిలబెడతారు. మా అమ్మ యాదమ్మకు కంటి ఆపరేషన్ అయింది, ఇవాళ పట్టీ విప్పుతారంటే మొదటి బండికి పోయి దవాఖానలో ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. పట్టీ విప్పగానే అమ్మ నా మొహం చూసి, "గిట్ల ఎండిపోయినవేందే ఉమా" అంది. కొత్త చూపుతో చూసిన మొదటి సంగతి అది. నేను నవ్వి, చుక్కల మందు ఎన్నిసార్లు వెయ్యాలో మా మరదలికి రెండుసార్లు చెప్పి, మళ్లీ బండెక్కాను. రెండో శనివారం, అమూల్యకు బడి లేదు, అమ్మమ్మను చూద్దువు రమ్మంటే రానంది. రాను అని కూడా అనలేదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని గోడ వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు మా ఇంట్లో రాను, వద్దు, అవును, కాదు అన్నీ తల ఊపుళ్లే. రెండు నెలల కింద బడి నుంచి టీచరు ఫోన్ చేసి, పాప ఎవరితో కలవడం లేదు, పంద్రాగస్టు జెండా పండక్కి డాన్సులో పేరు ఇమ్మంటే ఏడ్చింది, ఇంట్లో ఏమన్నా ఉందా అమ్మా, అని అడిగింది. ఏం లేదు మేడం అన్నాను. ఇంట్లో ఏమీ లేదు, నిజమే, అదే కదా ఉన్నది.

పాటలే దాన్ని పాడుచేస్తున్నాయని నాకు నేను తేల్చుకున్నాను. ఏ పిల్లగాడో పంపే పాటలు, బూతు మాటల పాటలు, చావాలని ఉంది అనే పాటలు, ఏవో ఉంటాయి, లేకపోతే వైర్లు తీయకుండా పొద్దుందాకా ఏం వింటుంది? దగ్గరికి పోతే స్క్రీను తిప్పేసుకుంటుంది. నిన్న సాయంత్రం సుమ దారి చూపింది. సుమ మా ఇంటి ఓనరు కృష్ణమూర్తి గారి బిడ్డ, డిగ్రీ చదువుతోంది, కింద వాళ్ల కిరాణా గోదాం, పైన మేము. "అక్కా, పాటల యాప్‌ల పిల్లల ఫోన్‌ను మన ఖాతా కింద పెట్టొచ్చు. పాప నీ కింద ఉంటది. ఏం విన్నదో, ఎన్నిసార్లు విన్నదో అంతా నీ ఫోన్‌ల కనపడ్తది. నచ్చని పాటను నువ్వు ఆపేస్తే ఆమెకిగ రానే రాదు" అంది. "ఆమెకు ఎరుకైతే?" అన్నాను. "ఎరుకైతే ఏంది? తల్లివి గదా, దొంగవా?" అని నవ్వింది. కాయితం మీద ఒకటి, రెండు, మూడు అని వేసి, ఏది నొక్కాక ఏది నొక్కాలో రాసి ఇచ్చింది. ఇవాళ వాళ్లింట్లో అందరూ పాలకుర్తిలో పెళ్లికి పోయారు, లేకపోతే ఆమె చేతనే చేయించుకునేదాన్ని. కాయితం ఒళ్లో పరుచుకుని, బండి కదిలేదాకా ఏదో ఒకటి చేద్దామని యాప్ తెరిచాను, అది ఎప్పటిలాగే పైన పెద్ద అక్షరాలతో, గుడ్ ఆఫ్టర్‌నూన్ రాకేశ్, అంది.

ఖాతా ఆయనది, నా ఫోన్‌లోనూ అమూల్య ఫోన్‌లోనూ అదే నడుస్తుంది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది, దీనికి ఎవరూ చెప్పలేదు. పొద్దున గుడ్ మార్నింగ్ చెబుతుంది, రాత్రి మీకోసం కొత్త పాటలు రాకేశ్ అంటుంది. ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ అనలేదు, అమూల్య నాయిన అనేదాన్ని, ఏమయ్యా అనేదాన్ని. ఇది మాత్రం ఏ జంకూ లేకుండా రోజుకు నాలుగుసార్లు పిలుస్తుంది, ఆయన పలకకపోయినా పట్టించుకోదు. భూపాలపల్లిలో బొగ్గు టిప్పరు నడిపేవాడు, కాంట్రాక్టు పని, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఎంత తోమినా గోళ్ల మూలల్లో నలుపు పోయేది కాదు. టిప్పరులో ఒక్కడే ఉంటే నిద్ర వస్తుందని ఈ యాప్ పెట్టుకున్నాడు. పాట వస్తుంటే తాను కూడా అరిచి పాడేవాడట, నిద్ర దానికి భయపడి దగ్గరికి రాదట. ఆ రోజు మాత్రం వచ్చింది.

కాయితంలో ఒకటో అంకె: పిల్ల పుట్టిన రోజు. కొట్టాను. అప్పట్లో మేముండే దేవరుప్పుల నుంచి జనగామ దవాఖానకు ఆటోలో తెచ్చారు నన్ను ఆ రోజు, దారంతా ఆయన డ్రైవరును తిట్టాడు, గుంతల్లో మెల్లగ పోనియ్యి భయ్ అని. రెండో అంకె: నువ్వు తల్లివా తండ్రివా సంరక్షకురాలివా. ఇంత ప్రశ్న మనుషులెవరూ ఇంత సూటిగా అడగలేదు. తల్లి అని నొక్కాను, నొక్కాక వేలు అక్కడే ఉండిపోయింది. నేను తొమ్మిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కుని చదువుతాను, ఈ యాపు నన్ను పరీక్ష పెడుతున్నట్టే ఉంది. ఆ తొమ్మిదిలో ఉండగా మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. పాటలకు మరిగితే పిల్ల చెడిపోతుందని మా అమ్మ దాని బ్యాటరీలు తీసి బియ్యం కుండలో దాచేది. నేను ఆమె కలుపుకు పోగానే బియ్యంలో మోచేతి దాకా చేయి పెట్టి వెతుక్కునేదాన్ని. తర్వాత నాయిన మంచాన పడ్డాడు, బడి పోయింది, రేడియో పోయింది, పదిహేడేళ్లకు పెళ్లయింది. చెడిపోవడానికి కూడా నాకు తీరిక దొరకలేదు. ఇవాళ నేను కూడా బ్యాటరీలు దాస్తున్నాను, కాకపోతే నా బిడ్డ చేయి పెట్టి వెతుక్కోవడానికి ఇందులో బియ్యం లేవు.

మూడో అంకె: పిన్ను. నాలుగంకెలు, పిల్లకు తెలియనివి. ఆయన పుట్టిన సంవత్సరం అనుకున్నాను, అమూల్యకు తెలుసు. ఆయన మోటార్‌సైకిల్ నంబరు, దానికీ తెలుసు, ఆ బండి వస్తుందని వీధి చివర నిలబడి చదివేది కదా. పెళ్లి రోజు, ఫోన్ నంబరులో చివరి నాలుగు, నాకు నోటికి వచ్చే అంకెలన్నీ ఆయనవే, ఆయనవన్నీ దానికీ వచ్చు. దానికి తెలియని నంబరు ఒక్కటి లేదు నా బుర్రలో. కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క కరెంటు స్తంభం, దాని మీద తెల్ల రంగుతో అంకెలు, పైన మూడు, నడుమ గీత, కింద రెండు. ఇది దానికెట్లా తెలుస్తుంది అనుకుని, అందులోంచి నాలుగు తీసుకుని కొట్టాను, మళ్లీ కొట్టమంటే తల ఎత్తి స్తంభం చూసి మళ్లీ కొట్టాను. ఆకుపచ్చ టిక్కు పడింది. ఎదురు సీట్లో గంప నిండా సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్న అవ్వ నన్నే చూస్తోంది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా, కంబాలు లెక్కబెడ్తున్నవా? బండి ఆలస్యమైతే నాకు గుడ గిదే పని" అంది. నాకు నవ్వు వచ్చింది. చాలా రోజులకు ఏదో ఒకటి సరిగ్గా చేశాననిపించింది.

తర్వాత అది నా బిడ్డ విన్నవన్నీ వరుసగా పెట్టి చూపించింది. పిల్లగాళ్ల పాటలు ఉంటాయనుకున్నాను, అవి లేవు. బూతు పాటల పక్కన ఒక గుర్తు ఉంటుందని సుమ చెప్పింది, అవీ లేవు. పైనుంచి కిందికి జరుపుతున్నాను, జరిపే కొద్దీ ఒకటే బొమ్మ, ఒకటే పేరు, ఒకటే. నీలం గళ్ల చొక్కా, వెనకాల మబ్బులు, రెండు తెల్ల పావురాలు, వెలిగే ప్రమిద. ఆయన పదకొండో రోజు ఫ్లెక్సీ మీద వేయించిన ఫొటో. రాకేశ్ అన్న స్మృతి పాట. ఈ నెలలో రెండు వందల పద్నాలుగు సార్లు. ఇంకేమీ వినలేదు నా బిడ్డ. నేను వేటికి భయపడ్డానో అవి ఉంటే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను, ఏ పిల్లగాడైనా, ఏ బూతైనా. పైన సన్నగా ఒక గీత కదులుతోంది, దాని కింద, అమూల్య ఫోన్‌లో ఇప్పుడు వినిపిస్తోంది అని రాసుంది. ఇప్పుడు. ఈ నిమిషాన. నేనిక్కడ పొలాల మధ్య కూర్చుంటే అక్కడ ఆ గదిలో, మూసిన తలుపు వెనకాల. గీత చివరిదాకా పోలేదు. ఆరున్నర నిమిషాల దాకా పోయి మళ్లీ ఆరు నిమిషాలకు గెంతింది. పోయి, గెంతింది. ఎవరో చిన్న వేలితో వెనక్కి లాగుతున్నారు, మళ్లీ, మళ్లీ. ఆ చోటు నాకు తెలుసు. ఆరు నిమిషాల పది సెకన్ల దగ్గర ఆయన మాట్లాడతాడు.

మా వైపు ఇది ఇప్పుడు అందరూ చేసేదే. మనిషి పోతే పదకొండో రోజుకు పాట కట్టిస్తారు, పోయినవాడి పేరు, ఊరు, పిల్లల పేర్లు, ఎట్లా పోయాడో, ఎవరెవరు ఏడుస్తున్నారో అన్నీ వచ్చేట్టు. టెంటు కింద బాక్సులు పెట్టి వినిపిస్తారు, వచ్చినవాళ్లు ఏడవాలి, ఏడిస్తేనే పాట బాగున్నట్టు. మా పెద్ద బావ ఎల్లస్వామి, ఆయన అన్న, తమ్ముడికి లోటు చేయొద్దని హన్మకొండ నుంచి రాజు అనే పాటగాణ్ని పిలిపించాడు. ఇరవై మూడేళ్లుంటాయేమో, చేతిలో చిన్న నోటుబుక్కు, ఎంతో మర్యాదగా చాప మీద కూర్చుని, "అక్కా, ఏమనుకోకు, జర వివరాలు చెప్పాలె. అన్నకు ఏమిష్టం? పాపను ఏమని పిలుస్తుండె? ఆ దినం ఎందుకు బయల్దేరిండు?" అని అడిగాడు. ఎందుకు బయల్దేరిండు. గదిలో అత్త ఉంది, ఆడబిడ్డలు ఉన్నారు, గడపలో బావ నిలబడ్డాడు, అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. "బిడ్డ పిలిచింది" అన్నాను. "పంద్రాగస్టుకు బడిల డాన్సుండె. బిడ్డ పిలిస్తే బయల్దేరిండు." రాజు తల ఊపి రాసుకున్నాడు. ఆ మాటకు అత్త ఒక్కసారిగా రాగం తీసి ఏడ్చింది, అట్లా ఏడుస్తుంటే రాజు పెన్ను ఇంకా వేగంగా నడిచింది.

బిడ్డ పిలవలేదు. ఇది ఎవరికీ తెలియదు. నేను, బిడ్డ, లేని మనిషి, ముగ్గురికే. ఇరవై రోజులైంది ఆయన వచ్చి, రెండు రోజుల నుంచి ఫోన్లో కొట్లాట, సెలవు లేదే అంటే నీకెప్పుడుంది అని నేను. నాకు ఆ డాన్సు కాదు కావాల్సింది. ఇంట్లో మగ చెప్పులు కావాలి, ఒక పూట నేను కాకుండా ఇంకొకరు తలుపుకు గడియ పెట్టాలి. పద్నాలుగో తారీఖు సాయంత్రం అమూల్య పిండి కలుపుతుంటే దాని చెవికి ఫోన్ పెట్టాను. నువ్వడుగు, నేనడిగితే రాడు, నీ మాట కాదనడు. "వద్దమ్మా, రాత్రి డ్యూటీ దిగి ఎట్ల వస్తడు, నాయినకు నిద్రొస్తది" అంది. పదకొండేళ్ల పిల్ల, పిండి చేతులతో, ముందే చెప్పింది, నిద్రొస్తది అని. అడుగుతవా లేదా అని నేను దాని భుజం గిల్లాను. అడిగింది. పొద్దున అది బడికి పోయాక నా ఫోన్‌కు ఆయన మాట వచ్చింది: "అమ్మలూ, బయల్దేరిన బిడ్డా. నువ్వు ఆడేటాల్లకు ముందల కుర్చీల కూసుంట. మీ అమ్మకు చెప్పు, ఇగ అలుగుడు బంద్ చెయ్యమని." పరకాల దాటాక రోడ్డు పక్క ఆగి ఉన్న లారీ.

ఆ మాటను రాజు పాటలో పెట్టాడు. ఫోన్లో అన్న గొంతు ఏమన్న ఉందా అక్కా, ఉంటే ఆఖర్న పెడితే కన్నీళ్లు ఆగవు అన్నాడు, ఇచ్చాను. ఇచ్చి, అత్త అటు పోయాక మెల్లగా చెప్పాను, "తమ్మీ, గా చివరి మాట వద్దు, కోసెయ్యి." అలుగుడు బంద్ చెయ్యమనే మాట. అందరి ముందు టెంటు కింద బాక్సుల్లోంచి ఆ మాట వస్తే ఎవరు పిలిపించారో తెలిసిపోతుందని. అమూల్యకు కూడా ముందు సగమే వినిపించాను. ఈ వానాకాలంలో నా పాత ఫోన్ తడిసి చచ్చిపోయింది, అందులో ఆ మాట మొత్తం పోయింది. ఇప్పుడు ఆయన గొంతు ఈ లోకంలో ఉన్నది ఆ పాటలో ఒక్కచోటే, పది సెకన్లు. అది వినాలంటే ముందున్న చరణం వినక తప్పదు:

బిడ్డ పిలిచిందని బండి తీసినావా
నడిమి తొవ్వల దీపమారిపోయినావా

రెండు వందల పద్నాలుగు సార్లు. నాయిన గొంతు కోసం చేయి పెట్టిన ప్రతిసారీ ఆ చరణం దాని చేతిని కొరుకుతూనే ఉంది, అయినా పెడుతూనే ఉంది. పెట్టించింది నేను. రాయించింది నేను. కోయించింది నేను. పాటలు దాన్ని పాడుచేస్తున్నాయని కనిపెట్టిన తెలివైనదాన్ని కూడా నేనే.

గీత మళ్లీ ఆరు నిమిషాలకు గెంతింది. చూడడం నా వల్ల కాలేదు. సుమ రాసిన నాలుగో అంకె ప్రకారం పాట మీద వేలు నొక్కి పట్టాను, ఈ పాట అమూల్యకు వినిపించవద్దు అన్న దాన్ని ముట్టుకున్నాను, పిన్ను అడిగింది, స్తంభం వైపు చూసి కొట్టాను. అంతే. గీత ఆగిపోయింది. ఫొటో మీద బూడిద రంగు కమ్ముకుంది, చొక్కా, పావురాలు, ప్రమిద, అన్నీ. సరిగ్గా ఎక్కడ ఆగిందో చూశాను. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. అమ్మలూ అన్నాడు, బయల్దేరిన అని ఉంటాడు, బిడ్డా అనలేదు. ఆయన్ను మాట మధ్యలో ఆపాను. పద్నాలుగు నెలల కింద ఒకసారి, ఇవాళ ఇంకోసారి.

వెంటనే ఫోన్ చేశాను. మోగింది, మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. వైర్లు చెవుల్లో ఉన్నాయి కదా, వినపడకపోవడం అనేది లేదు. పాట ఎందుకు ఆగిందో దానికి తెలిసే ఉంటుంది, అమ్మ మీకు ఈ పాటను ఆపేసింది అని స్క్రీను మీద వస్తుందని సుమ చెప్పింది. అమ్మ ఆపేసింది. ఒక్కసారి కుదుపు, బండి కదిలింది, నాకు ప్రాణం లేచొచ్చింది, అరగంటలో ఇంట్లో ఉంటాను అనుకున్నాను. తిరిగి తెరిచేద్దాం, పాట ఇచ్చేద్దాం, తర్వాత సంగతి తర్వాత అని మళ్లీ వేలు నొక్కి పట్టాను. పిన్ను అడిగింది. తల ఎత్తి కిటికీలోంచి చూశాను. ఇంకో స్తంభం. ఇంకొకటి. ఇంకొకటి. అన్నిటి మీదా తెల్ల అంకెలే, ఏదీ నాది కాదు. పైన మూడు, కింద రెండు, పైవాటిలో రెండు తీసుకున్నానా, మొదటివా, చివరివా? కింద పదహారా, పద్దెనిమిదా? ఒకటి కొట్టాను, ఎర్రగా ఊగింది. ఇంకొకటి. మూడోది. ముప్పై నిమిషాల తర్వాత ప్రయత్నించండి అంది. మా ఇద్దరికీ తెలిసిన అంకెలు ఎన్ని ఉన్నాయి, ఆయన బండి నంబరు ఇప్పటికీ నిద్రలో చెబుతాను, అవన్నీ వదిలేసి ఎవరిదో స్తంభం మీద నా బిడ్డ నాయినను పెట్టి తాళం వేశాను. బండి రెండు కిలోమీటర్లు పోయి, రఘునాథపల్లి ఇవతల మళ్లీ ఆగింది.

షారోన్ అక్కకు చేశాను. మా వరసలోనే చివరి గది ఆమెది, దవాఖానలో నర్సు. మూడోసారికి ఎత్తింది. "డ్యూటీల ఉన్ననే ఉమా, ఏమైంది, గొంతేంది గట్లుంది?" "అక్కా, అమూల్య ఫోన్ ఎత్తుతలేదు." "నిద్రవోయిందేమో." "కాదక్కా." కాదు అనే ఒక్క మాటలో ఆమెకు ఏం వినపడిందో, "ఏమన్నవ్ పిల్లను?" అంది. "ఏమనలే. పాట ఆపిన." అటువైపు ఎవరో నొప్పులకు మూలుగుతున్న చప్పుడు. "కాన్పు కేసుంది, వేరే సిస్టర్‌ను పిలిచి బయల్దేరుత. ఇరువై నిమిషాలు. నువ్వు చేస్తనే ఉండు" అంది. నేను చేస్తూనే ఉన్నాను. నా చేతులు చూసి అవ్వ గంప పక్కకు జరిపి నా పక్కన వచ్చి కూర్చుంది. ఏమైందని అడగలేదు. ఒక పండు చిదిమి, "నోట్లె వేసుకో, గొంతు తడారిపోయింది నీకు" అంది. తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉండడం ఏం బాగాలేదు.

అప్పుడు వాట్సాప్ తెరిచి, మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాను. రైలు పెట్టెలో అందరూ వింటారని కూడా చూడలేదు. టెంటు కింద చెప్పలేనిది ఇక్కడ చెప్పాను. "అమూల్యా, నేనే బిడ్డా. పాట నేనే ఆపిన, తప్పయింది, తెరుద్దామంటే నాకు చేతనైతలేదు. విను. నాయినను నువ్వు పిలువలే. నువ్వు వద్దన్నవ్. నిద్రొస్తది నాయినకు అన్నవ్, నాకు యాదుంది. నిన్ను గిల్లి అడిగిపిచ్చింది నేను. రాజుకు అబద్ధం చెప్పింది నేను. నాయిన మాట్ల ఇంకో మాట ఉండె, మీ అమ్మకు చెప్పు అలుగుడు బంద్ చెయ్యమని, అన్నడు, అది నేనే కోయించిన. నాయిన వచ్చింది నాకోసం బిడ్డా. నువ్వేం చెయ్యలే. ఇంటున్నవా? నువ్వేం చెయ్యలే. తలుపు తియ్యి, షారోన్ పెద్దమ్మ వస్తది." వేలు తీశాను. వెళ్లింది. ఒక టిక్కు. అవ్వ నా మోకాలి మీద చేయి పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తోంది. వరి కంకులు వంగి ఉన్నాయి, ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది, ప్రపంచం మొత్తం సిగ్నల్ కోసం ఆగినట్టు ఉంది.

ఇంకా ఒక టిక్కే. రెండోది పడలేదు. ఫోన్ ఆపేసిందా, చార్జింగ్ అయిపోయిందా, విసిరికొట్టిందా. విసిరికొట్టినా బాగుండు, విసిరే చేయి ఉన్నట్టు కదా. షారోన్ అక్క ఎక్కడిదాకా వచ్చిందో, ఆటో దొరికిందో లేదో. ఇరవై నిమిషాల్లో ఏడు అయ్యాయి. ఎక్స్‌ప్రెస్ ఒకటి మా పక్కనుంచి ఇల్లు కూలినంత చప్పుడుతో జనగామ వైపే పోయింది, అందులో ఉన్నవాళ్లు నాకంటే ముందు చేరతారు, వాళ్లలో ఒక్కరికీ నా బిడ్డ తెలియదు.

మీరు ఎవరైనా కానీ, నన్ను తిట్టుకోండి, తర్వాత తిట్టుకోండి, ముందు జనగామకు మీరు దగ్గరగా ఉంటే ఒక్క పని చెయ్యండి. స్టేషను నుంచి వచ్చే దారిలో పిండి గిర్ని ఉంటుంది, దాని పక్క సందు, కిరాణా గోదాం మీదికి ఇనుప మెట్లు, మెట్లెక్కగానే మొదటిది, ఆకుపచ్చ తలుపు. కొట్టండి. పాట సంగతి అడగొద్దు, నాయిన సంగతి అడగొద్దు, నేను పంపానని కూడా చెప్పొద్దు, పక్కింటికి వచ్చామనండి, మంచినీళ్లు అడగండి. తలుపు తీయకపోయినా ఫరవాలేదు. చెవి ఆనించి వినండి. లోపలి నుంచి, ఎవరు, అని ఒక్క గొంతు వస్తే చాలు, అది వచ్చిందని నాకు చెప్పండి.